ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ ఎందుకు జివ్వుమంటుంది?

లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్‌కు పెట్టి పని చేసుకుంటున్నప్పుడు, దాని అంచుకు ఆనిన మణికట్టు సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవమే. వేలితో మెల్లగా రాస్తే నున్నటి అల్యూమినియం కాస్తా గరుకుగా, లోపల ఏదో వణుకుతున్నట్టు తోస్తుంది. ఛార్జర్ తీసేయగానే అదే లోహం మళ్లీ నున్నగా అయిపోతుంది. చెప్పులు లేకుండా గచ్చు మీద పాదాలు ఆనించి కూర్చుంటే ఎక్కువగా, మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే తక్కువగా తెలుస్తుంది. అనుమానం వచ్చి టెస్టర్ పెట్టి చూస్తే అందులోని చిన్న బల్బు ఎర్రగా వెలుగుతుంది. అక్కడి నుంచి భయం మొదలవుతుంది.

ఇలాంటప్పుడు రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. అన్ని ల్యాప్‌టాప్‌లూ అంతే, ఏమీ కాదని కొందరంటారు. కరెంటు లీకవుతోంది, ముట్టుకోవద్దని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కరెంటు లీకవుతున్న మాట వాస్తవం. చాలా సందర్భాల్లో అది ప్రాణాపాయం లేని మోతాదులోనే ఉంటుందన్నదీ వాస్తవమే. మన ఇంట్లో జరుగుతున్నది ఏ రకమో తేల్చుకోవాలంటే మూడు సంగతులు తెలియాలి. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? ఎంత వస్తోంది? వేరే దారిన పోవాల్సింది మన ఒంట్లోంచి ఎందుకు పోతోంది? ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది. దాని జవాబు ల్యాప్‌టాప్‌లో కాక, ఇంటి వైరింగ్‌లో దొరకవచ్చు.

ఛార్జర్ లోపల ఏం జరుగుతుంది?

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు. ల్యాప్‌టాప్‌కు కావాల్సింది దాదాపు 20 వోల్టుల డీసీ. పాత టేప్‌రికార్డర్ల అడాప్టర్లలో ఈ పని చేయడానికి ఇనుప రేకుల కోర్ చుట్టూ రాగి తీగ చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. ఇప్పటి ఛార్జర్లు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. ముందుగా ఏసీని డీసీగా మారుస్తాయి. 230 వోల్టుల ఏసీ తరంగపు శిఖరం దాదాపు 325 వోల్టులు కాబట్టి, ఈ డీసీ కూడా సుమారు అంతే ఉంటుంది. తర్వాత ఒక ట్రాన్సిస్టర్ ఆ డీసీని సెకనుకు వేల నుంచి లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైపోతుంది. ఛార్జర్ అరచేతిలో ఇమిడిపోవడానికి కారణం ఇదే. ఈ అమరికను స్విచ్ మోడ్ పవర్ సప్లై అంటారు.

ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి గోడలోని కరెంటు వైపు, రెండోది ల్యాప్‌టాప్ వైపు. రెండింటినీ కలిపే తీగ ఏదీ ఉండదు. శక్తి అయస్కాంత క్షేత్రం ద్వారా ఒక చుట్టు నుంచి మరో చుట్టులోకి చేరుతుంది. గోడలోని 230 వోల్టులు నేరుగా మన చేతికి రాకుండా కాపాడేది ఈ ఎడమే.

చిక్కు మరోచోట ఉంది. పక్కపక్కనే ఉన్న ఆ రెండు చుట్లూ కలిసి తమకు తామే ఒక బుల్లి కెపాసిటర్‌లా ప్రవర్తిస్తాయి. ట్రాన్సిస్టర్ వేగంగా ఆన్, ఆఫ్ అవుతున్నప్పుడు పుట్టే అధిక ఫ్రీక్వెన్సీ అలజడి ఆ దారిన ల్యాప్‌టాప్ వైపు దాటుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఛార్జర్ తీగ యాంటెన్నాగా మారి పక్కనున్న రేడియోలో గరగర పుట్టిస్తుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కూడా తికమక పడవచ్చు. అందుకే దాటి వచ్చిన అలజడి పుట్టినచోటికే తిరిగి పోయేలా, రెండు వైపులకూ మధ్య వంతెనలాగా ఒక చిన్న కెపాసిటర్‌ను పెడతారు. దీన్ని వై కెపాసిటర్ అంటారు. చాలా ఛార్జర్లలో ఇది బిళ్ల ఆకారంలో, నీలం రంగులో కనిపిస్తుంది.

కెపాసిటర్ డీసీని ఆపుతుంది, ఏసీని పోనిస్తుంది. ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే అంత తేలిగ్గా పోనిస్తుంది. లక్ష హెర్ట్జ్ అలజడికి ఈ వంతెన రాచబాట. 50 హెర్ట్జ్ ఇంటి కరెంటుకు ఇరుకు సందు. ఇరుకే కానీ, పూర్తిగా మూసుకుపోయిన సందు కాదు. కాస్త కరెంటు దాటుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో డీసీ నెగెటివ్ తీగ లోహపు బాడీకి కలిపి ఉంటుంది కాబట్టి ఆ కరెంటు బాడీ దాకా వస్తుంది. మనం ముట్టుకుంటే చేతి నుంచి పాదాల మీదుగా నేలలోకి పోతుంది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగను భూమికి కలిపి ఉంచుతారు. అందువల్ల నేల ద్వారా సర్క్యూట్ పూర్తవుతుంది.

అంటే మంచి కంపెనీ ఛార్జర్‌లోనూ, కొత్త ఛార్జర్‌లోనూ ఈ లీకేజీ ఉంటుంది. చెడిపోవడం వల్ల వచ్చినది కాదు, తయారీలోనే ఉన్నది. ప్లాస్టిక్ బాడీ ల్యాప్‌టాప్‌లలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ మన చేతికి లోహం తగలదు కాబట్టి తెలియదు.

ఎంత కరెంటు?

కెపాసిటర్‌లోంచి పోయే ఏసీ కరెంటు లెక్క ఇంటర్ భౌతికశాస్త్రంలోనే ఉంది. రెండు పై, ఫ్రీక్వెన్సీ, కెపాసిటెన్స్, వోల్టేజి, వీటన్నిటినీ గుణించాలి. వై కెపాసిటర్ విలువ సాధారణంగా ఒకటి నుంచి నాలుగైదు నానోఫ్యారడ్‌ల మధ్య ఉంటుంది. 2.2 నానోఫ్యారడ్‌లు అనుకుందాం. దాని మీద పూర్తి 230 వోల్టులూ పడ్డాయనే లెక్కవేద్దాం. 2 × 3.14 × 50 × 2.2 నానోఫ్యారడ్‌లు × 230 వోల్టులు చేస్తే వచ్చేది దాదాపు 0.16 మిల్లీఆంపియర్. నిజానికి పూర్తి 230 పడదు. ఛార్జర్‌లోని రెక్టిఫైయర్ అమరిక వల్ల ఆ కెపాసిటర్ ప్రతి ఆవృత్తంలో సగంసేపు ఫేజ్‌తో, సగంసేపు న్యూట్రల్‌తో కలిసి ఉంటుంది. కాబట్టి సుమారు సగం వోల్టేజి, సుమారు సగం కరెంటు అనుకోవచ్చు.

దీన్ని మనిషి శరీరం తట్టుకునే హద్దులతో పోల్చి చూడాలి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన చార్లెస్ డాల్జీల్, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారిపై ప్రయోగాలు చేసి ఈ హద్దులను కొలిచారు. ఇవాళ్టి భద్రతా ప్రమాణాలకు ఆ కొలతలు పెద్ద ఆధారం. స్థూలంగా చెప్పాలంటే:

- 0.5 మిల్లీఆంపియర్ దగ్గర కరెంటు పారుతున్నట్టు తెలియడం మొదలవుతుంది.
- 10 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో కండరాలు బిగుసుకుని, పట్టుకున్న వస్తువును వదల్లేని స్థితి వస్తుంది.
- 30 మిల్లీఆంపియర్లు దాటి కొన్ని క్షణాలు కొనసాగితే ఊపిరి ఆడకపోవడం, గుండె లయ తప్పడం వంటి ప్రాణాపాయాలు మొదలవుతాయి.

ఎర్త్ లేని ఎలక్ట్రానిక్ పరికరాల్లో మనిషి ముట్టుకునే భాగం నుంచి వచ్చే కరెంటు 0.25 మిల్లీఆంపియర్ దాటకూడదని ఇదివరకటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. ఆ ప్రమాణాన్నే మన దేశం ఐఎస్ 13252గా స్వీకరించింది. ల్యాప్‌టాప్‌లు, వాటి అడాప్టర్లు భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర తప్పనిసరిగా నమోదు కావాలన్న నిబంధన 2012 నాటి ఉత్తర్వుతో వచ్చింది. అడాప్టర్ మీద ఐఎస్‌ఐ తరహా గుర్తుతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉందో లేదో చూడమని చెప్పేది అందుకే.

వై కెపాసిటర్ పాడైపోతే ఏమిటన్న సందేహం రావచ్చు. అది షార్ట్ అయితే గోడలోని కరెంటు నేరుగా ల్యాప్‌టాప్ బాడీకి వచ్చేస్తుంది. అందుకే దీనికి మామూలు కెపాసిటర్ వాడకూడదు. వై1 తరగతి కెపాసిటర్ 8,000 వోల్టుల క్షణకాలపు తాకిడిని తట్టుకోవాలి. పాడైనా షార్ట్ కాకుండా, సర్క్యూట్ తెగిపోయేలా దాన్ని తయారు చేస్తారు. నకిలీ ఛార్జర్లలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ చోట మామూలు కెపాసిటర్ పెట్టినా, రెండు చుట్ల మధ్య ఉండాల్సిన ఎడం తగ్గించినా బయటికి ఏమీ కనిపించదు. ఛార్జర్ మామూలుగానే పనిచేస్తుంది. చెడిపోయిన రోజునే తేడా తెలుస్తుంది.

టెస్టర్ వెలిగితే ఏమిటి అర్థం?

ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ బాడీకీ భూమికీ మధ్య మల్టీమీటర్ పెడితే వంద వోల్టుల దరిదాపుల్లో చూపించవచ్చు. ఆ అంకె చూసి గుండె ఝల్లుమంటుంది. కానీ అదే మీటరు కొనల మధ్య 2,000 ఓంల రెసిస్టర్ ఒకటి కలిపి మళ్లీ కొలిస్తే 0.2 వోల్టు కూడా ఉండదు. మనిషి ఒంటి నిరోధం స్థూలంగా ఆ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి, గట్టిగా పట్టుకున్నప్పుడు ఒంటి మీద పడేది ఈ రెండో అంకెలాంటిదే.

వంద వోల్టులు ఒక్కసారిగా ఏమైపోయాయి? మేడ మీది నీళ్ల ట్యాంకుకు సెలైన్ గొట్టమంత సన్నటి గొట్టం తగిలించి కిందికి వేలాడదీశామనుకోండి. కింది కొనను వేలితో మూసి పెడితే, అక్కడ ట్యాంకు ఎత్తుకు తగ్గ ఒత్తిడి మొత్తం ఉంటుంది. వేలు తీస్తే మాత్రం బొట్లుబొట్లుగా నీళ్లు కారతాయి. ఆ ఒత్తిడి మిగలదు. వై కెపాసిటర్ ఆ సన్నటి గొట్టం. 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు దాదాపు 14 లక్షల ఓంలు.

మనం వాడే నియాన్ టెస్టర్ కూడా సరిగ్గా ఈ సూత్రంతోనే పనిచేస్తుంది. అందులో బల్బుతోపాటు పెద్ద రెసిస్టర్ ఒకటి ఉంటుంది. టెస్టర్ కొనను ఫేజ్‌కు తగిలించి, తోక మీద వేలు పెట్టినప్పుడు కరెంటు బల్బు దాటి మన ఒంట్లోంచే నేలకు పోతుంది. అదీ మిల్లీఆంపియర్‌లో చిన్న భాగమే. అందువల్ల టెస్టర్ వెలిగితే అక్కడ వోల్టేజి ఉందని మాత్రమే అర్థం. దాని వెనుక సన్నటి గొట్టం ఉందో, పెద్ద పైపు ఉందో అది చెప్పలేదు. ల్యాప్‌టాప్ దగ్గరా వెలుగుతుంది, కాయిల్ పాడైన గీజర్ దగ్గరా వెలుగుతుంది. రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

అంత తక్కువ కరెంటు చేతికెలా తెలుస్తుంది?

0.5 మిల్లీఆంపియర్ దాకా తెలియకూడదు కదా, మరి అందులో మూడో వంతు కూడా లేని కరెంటు ఎందుకు జివ్వుమంటోంది? ఆ హద్దు సగటు మనిషికి, వస్తువును చేత్తో పట్టుకున్నప్పుడు వర్తించేది. అరచేయి వైశాల్యమంతా పరచుకునే కరెంటు, ల్యాప్‌టాప్ పదునైన అంచు దగ్గరో, యూఎస్‌బీ రంధ్రపు లోహం దగ్గరో గుండుసూది మొనంత చోటులోంచి పోతే అక్కడి నరాలకు తెలుస్తుంది. మణికట్టు లోపలి వైపు, ముంజేయి దగ్గర చర్మం పల్చన కాబట్టి అక్కడ ఇంకా బాగా తెలుస్తుంది.

మొదటిసారి తాకగానే వచ్చే చురుకు దీనికి కాస్త భిన్నమైనది. ఆ క్షణంలో కెపాసిటర్ మీద పేరుకున్న ఆవేశం ఒక్కసారిగా మన వేలిలోకి దూకుతుంది. 325 వోల్టుల శిఖరం దగ్గర తాకామనుకున్నా ఆ శక్తి మిల్లీజౌల్‌లో ఎనిమిదో వంతే. చలికాలపు పొడి గాలిలో ఉన్ని దుప్పటి తీసి లేచి, తలుపు గొళ్లెం ముట్టుకుంటే చిటుక్కుమనే స్థిర విద్యుత్తు శక్తి దీనికి పది రెట్లు ఉండగలదు. అది ఒకే ఒక్కసారి కొట్టి ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌ది ఛార్జర్ ఉన్నంతసేపూ సాగుతుంది. రెండింటినీ వేరుగా గుర్తుపట్టే పద్ధతి ఇదే.

వేలు రాస్తున్నప్పుడు తోచే గరుకుదనం అన్నిటికన్నా ఆసక్తికరమైనది. ఎడ్వర్డ్ మాలింక్రాట్, ఆయన సహచరులు 1953లో సైన్స్ పత్రికలో దీన్ని వివరించారు. బల్బు వెలుగుతున్నప్పుడు దాని ఇత్తడి హోల్డర్ వేలికి వేరుగా తోచడం వారి పరిశీలనకు మూలం. వేలి చర్మపు పైపొర పొడిగా ఉన్నప్పుడు విద్యుత్తును అంతగా పోనివ్వదు. దాని కింద ఉన్న తడి పొర వాహకం. అంటే లోహం, పొడి చర్మం, లోపలి తడి పొర కలిసి ఒక కెపాసిటర్ అయ్యాయన్న మాట. దాని రెండు పలకలూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. ఏసీ వోల్టేజి పెరిగి తగ్గుతున్నకొద్దీ ఆ ఆకర్షణ కూడా పెరిగి తగ్గుతుంది. కదులుతున్న వేలిని లోహం క్షణక్షణం పట్టి వదులుతున్నట్టు అవుతుంది. సెకనుకు యాభై, వంద సార్లు జరిగే ఈ పట్టు విడుపులను చర్మంలోని స్పర్శ గ్రాహకాలు కంపనంగా పసిగడతాయి. వేలు కదపకుండా ఉంచితే ఈ వణుకు మాయమవుతుంది. ఇది నరాలకు తగిలే షాక్ కాదు, రాపిడిలో వచ్చే మార్పు. తెర మీద గరుకుదనం తోచేలా చేసే టచ్‌స్క్రీన్ పరిశోధనల్లో ఇదే సూత్రాన్ని వాడుతున్నారు.

అల్యూమినియం బాడీ మీద సాధారణంగా ఆనొడైజింగ్ అనే ప్రక్రియతో పల్చని ఆక్సైడ్ పొర ఎక్కిస్తారు. అది విద్యుత్ నిరోధకం. అందుకే విశాలమైన మూత మీద వణుకు మాత్రమే తెలుస్తుంది. ఆ పొర అరిగిన అంచుల దగ్గర, స్క్రూల దగ్గర చురుక్కుమంటుంది.

మూడో పిన్ను చేసే పని

ఛార్జర్లలో రెండు రకాలున్నాయి. రెండు పిన్నుల ఛార్జర్లకు ఎర్త్ ఉండదు. వాటి మీద చతురస్రంలో చతురస్రం గీసిన గుర్తు ఉంటుంది. లోపల రెండు అంచెల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ లేకపోయినా సురక్షితమేనని దాని అర్థం. ఇలాంటి ఛార్జర్‌తో లోహపు ల్యాప్‌టాప్ జివ్వుమంటే ఆశ్చర్యం లేదు. లీకైన కరెంటుకు పోయే దారి లేక మన చేతి కోసం కాచుకుని ఉంటుంది.

మూడు పిన్నుల ఛార్జర్లలో చాలావాటికి మూడో పిన్ను నుంచి ల్యాప్‌టాప్ బాడీ దాకా దారి ఉంటుంది. లీకైన కరెంటు ఆ దారినే నేలలోకి పోతుంది. బాడీ వోల్టేజి దాదాపు సున్నా అవుతుంది. జివ్వుమనడం ఆగిపోతుంది. ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా ఉండడంలోనూ ఒక ఆలోచన ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అందరికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా చివర విడిపోవాలి. కరెంటు ఉన్నంతసేపూ రక్షణ ఉండాలన్నది దాని ఉద్దేశం.

మన ఇళ్లలో ఈ మూడో పిన్నుకు పట్టే గతి అందరికీ తెలిసిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడం లేదని విరిచేస్తారు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చుతారు. అన్నీ సరిగా ఉన్నా గోడలోని సాకెట్‌కు ఎర్త్ తీగే లాగి ఉండకపోవచ్చు. మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఏమీ ఉండదు.

అలాంటి సాకెట్‌లో మూడు పిన్నుల ఛార్జర్ పెడితే పరిస్థితి తలకిందులవుతుంది. ఈ ఛార్జర్లలో ఫేజ్ నుంచి ఎర్త్‌కు ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు ఒకటి చొప్పున కెపాసిటర్లు ఉండడం మామూలు. ఎర్త్ నిజంగా ఉంటే వాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే ఆ రెండింటి మధ్య బిందువు ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ నడుమ, దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ఆ బిందువు ల్యాప్‌టాప్ బాడీకి కలిసి ఉంటుంది. అందుకే ఎర్త్ లేని సాకెట్‌లో మూడు పిన్నుల ఛార్జర్, రెండు పిన్నుల దానికన్నా ఎక్కువగా జివ్వుమనిపించగలదు.

ల్యాప్‌టాప్ చెబుతున్నది ఇంటి గురించి కావచ్చు

ఇక్కడే చిన్న జివ్వు పెద్ద విషయమవుతుంది. ఎర్త్ లేకపోతే ల్యాప్‌టాప్ వల్ల వచ్చేది చిరాకు మాత్రమే. అదే ఇంట్లో గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇనుప బాడీ కూలర్, ఇస్త్రీపెట్టె, బోరు మోటారు కూడా అదే ఎర్త్ మీద ఆధారపడి ఉంటాయి. గీజర్ కాయిల్ పగిలి ఫేజ్ నీటికి, బాడీకి తగిలిందనుకోండి. అక్కడ వై కెపాసిటర్ లాంటి సన్నటి గొట్టం ఏదీ లేదు. తడి ఒంటి నిరోధం 1,500 ఓంలు అనుకుంటే 230ని దానితో భాగించగా వచ్చేది దాదాపు 150 మిల్లీఆంపియర్లు. ల్యాప్‌టాప్ నుంచి రాగల గరిష్ఠ కరెంటుకు అది సుమారు వెయ్యి రెట్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికల ప్రకారం మన దేశంలో విద్యుదాఘాతంతో ఏటా పది వేలకు పైగా ప్రాణాలు పోతున్నాయి.

ఎంసీబీ ఉంది కదా అని ధైర్యపడడానికి లేదు. ఎంసీబీ పని తీగలు కాలిపోకుండా చూడడం. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషిలోంచి పోయే 0.15 ఆంపియర్ కంటికి కూడా ఆనదు. ఎర్తింగ్ గొయ్యి నిరోధం 20 ఓంలకు పెరిగితే, ఫేజ్ నేరుగా గీజర్ బాడీకి తగిలినా పారేది 11.5 ఆంపియర్లే. అప్పుడూ ఆ ఎంసీబీ పడదు. గీజర్ బాడీ అలాగే కరెంటుతో ఉండిపోతుంది.

ఈ ఖాళీని పూడ్చేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది నిరంతరం సరిచూస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీఆంపియర్ల రకం. అంత తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరా తెంచేస్తుంది. ఇలాంటి రక్షణ పరికరాన్ని అమెరికాలో 1960ల తొలినాళ్లలో రూపొందించింది కూడా పైన చెప్పుకున్న డాల్జీలే. మనిషి ఎంత తట్టుకోగలడో కొలిచిన చేతులతోనే, అంతకు మించకుండా ఆపే సాధనాన్నీ తయారుచేశారు. ల్యాప్‌టాప్ లీకేజీ ఒక్కటీ ఆర్‌సీసీబీని పడగొట్టేంత ఉండదు. పదుల సంఖ్యలో కంప్యూటర్లున్న ఆఫీసుల్లో మాత్రం చిన్న లీకేజీలన్నీ కూడి ఒక్కోసారి అది పడిపోతుంటుంది.

మీ ఇంట్లో ఏది?

కారణం కనుక్కోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వరుసగా ఇవి చూడండి.

మొదట ఛార్జర్ పిన్నులు లెక్కపెట్టండి. రెండే ఉండి, జివ్వు సన్నగానే ఉంటే అది తయారీలో ఉన్న లీకేజీ. మీ ల్యాప్‌టాప్‌కు మూడు పిన్నుల తీగ దొరికితే అది వాడితే సరిపోతుంది. కొన్ని ఛార్జర్లలో మూడో పిన్ను ఉత్త ప్లాస్టిక్‌దే ఉంటుంది, అది లోహమో కాదో కూడా చూసుకోండి.

మూడు లోహపు పిన్నులూ ఉండి జివ్వుమంటే, అదే ఛార్జర్‌ను ఎర్త్ బాగుందని తెలిసిన మరోచోట పెట్టి చూడండి. అక్కడ ఆగిపోతే తప్పు మీ సాకెట్‌దో, ఎక్స్‌టెన్షన్ బాక్సుదో, ఇంటి ఎర్త్‌దో. ఎక్స్‌టెన్షన్ లేకుండా నేరుగా గోడకు పెట్టి చూస్తే ఆ మూడింటిలో ఒకటి తేలిపోతుంది. ఎక్కడ పెట్టినా జివ్వుమంటే అది ఆ ఛార్జర్ స్వభావం.

ఈ పరీక్ష ఒక వైపే పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. జివ్వుమనలేదు కాబట్టి ఇంట్లో ఎర్త్ బాగుందని అనుకోకూడదు. ప్లాస్టిక్ ల్యాప్‌టాప్ ఎర్త్ ఉన్నా లేకున్నా ఏమీ చెప్పదు.

అనుమానం ఇంటి ఎర్త్ మీదికి వస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్త్ సరిగా ఉన్న సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే కనిపిస్తాయి. ఇది తొలి పరీక్ష. గొయ్యి నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తో కొలిపిస్తేనే పూర్తి సంగతి తెలుస్తుంది. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన పాత తరహా గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతే నిరోధం పెరుగుతుంది. అందులో నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. సాకెట్ వెనక న్యూట్రల్‌ను ఎర్త్‌కు చిన్న తీగతో కలిపేసి ఎర్త్ వచ్చేసిందని చెప్పే వారుంటారు. దానికి ఒప్పుకోవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఆ ఇంట్లోని ప్రతి లోహపు బాడీకీ 230 వోల్టులు వచ్చేస్తాయి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. ఉంటే, దాని మీది టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూడండి.

ల్యాప్‌టాప్ విషయంలో ఈ కింది లక్షణాల్లో ఏది కనిపించినా వాడకం ఆపి, గోడ దగ్గర స్విచ్ కట్టేయాలి. చేయి విదిలించుకునేంత గట్టిగా షాక్ కొట్టడం, కండరం లాగినట్టు అనిపించడం, ఛార్జర్ కాలుతున్న వాసన, పగిలిన పెట్టె, ఒకప్పుడు లేని జివ్వు హఠాత్తుగా మొదలవడం. నీళ్లలో పడిన ఛార్జర్‌ను ఆరబెట్టి మళ్లీ వాడొద్దు. ఛార్జింగ్‌లో ఉన్న తీగ కొనను పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, ఎందుకంటే చేతి మీది పొడి చర్మం లాంటి కవచం నాలుకకు లేదు. ఎర్త్ లేని ల్యాప్‌టాప్‌ను టీవీకో, యాంప్లిఫైయర్‌కో కలిపేటప్పుడు ముందు ఛార్జర్ తీసేసి, తీగ కలిపాక తిరిగి పెట్టడం మంచిది. మన వేలికి చురుక్కుమనే ఆవేశమే సున్నితమైన పోర్టులను దెబ్బతీయగలదు.

చెప్పులు వేసుకుంటే, మంచం మీదికి మారితే, ల్యాప్‌టాప్‌కు ప్లాస్టిక్ కవర్ తొడిగితే జివ్వు తగ్గుతుంది. రెండు పిన్నుల ఛార్జర్ ఉన్నవారికి ఆ ఉపాయం చాలు. మూడు పిన్నుల ఛార్జర్ ఉన్నవారు మాత్రం కవర్ కొనేముందు ఆ సాకెట్‌లోని మూడో రంధ్రం వెనక నిజంగా తీగ ఉందో లేదో చూపించుకోవాలి. బాత్‌రూమ్‌లోని గీజర్‌కు వెళ్లే ఎర్త్ కూడా అదే.